వీపు మీది మట్టి

సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి మా సైనిక్‌పురి ఇంట్లో దోమలు రాకుండా తలుపులు మూసేసి, నేనూ మా మనవడూ టీవీ ముందు కూర్చుంటాం. వేసవి సెలవుల్లో మొదలైన అలవాటు. వాడికి పద్నాలుగేళ్లు. జపాన్ బొమ్మల సినిమాలంటే ప్రాణం. తెర కింద ఇంగ్లీషులో పడే అక్షరాలు నేను చదివేలోపే మాయమైపోతాయి కాబట్టి వాడే పక్కన కూర్చుని తెలుగులో చెప్తుంటాడు. ఒకరోజు ఇలా చెప్పాడు: "తాతయ్యా, ఇప్పుడు వీడు వాణ్ణి క్షమించాను అంటున్నాడు. కాదు కాదు, క్షమించాననడం లేదు. నాతో రా అంటున్నాడు."

క్షమించాను అనడం వేరు, నాతో రా అనడం వేరు. ఆ తేడా నన్ను నాలుగు నెలలుగా వదలడం లేదు. ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో ఉన్నాను. శత్రువు అనే మాటని అన్నం ముద్దతో సమానంగా రోజూ నోట్లో తిప్పిన బతుకు నాది. ఓడించడం ఎలాగో మాకు నేర్పారు, నేనూ వేలమంది కుర్రాళ్లకి నేర్పాను. ఓడించాక ఏం చేయాలన్నది మాత్రం సైన్యంలో నాకెవరూ చెప్పలేదు.

మేం చూస్తున్న కథ పేరు 'కిన్నికుమాన్'. కిన్నికు అంటే కండరం. కండల మనిషి అనుకోవచ్చు. 1979లో 'షోనెన్ జంప్' అనే వారపత్రికలో బొమ్మల కథగా మొదలైంది. దాన్ని సృష్టించింది ఒసాకాకి చెందిన ఇద్దరు మిత్రులు, షిమాడా తకాషి, నకాయ్ యోషినోరి. చిన్నబడిలో మొదలైన స్నేహం వాళ్లది. ఇద్దరూ కలిసి 'యుదెతమాగో' అని ఒకే పేరు పెట్టుకున్నారు. ఉడకబెట్టిన గుడ్డు అని దానర్థం. తోయ్ సంస్థవాళ్లు 1983 నుంచి దీన్ని టీవీకి 137 భాగాలుగా తీశారు. 1984 జూలైకీ 1986 డిసెంబరుకీ మధ్య ఏడు సినిమాలు కూడా తీశారు. కథలో ఎక్కువమంది మల్లయోధులే, వాళ్లకి మనుషులకు లేని శక్తులుంటాయి. నాయకుడు కండల గ్రహానికి రాజకుమారుడు. పసివాడిగా ఉన్నప్పుడు పంది అనుకుని అంతరిక్ష నౌకలోంచి భూమ్మీదికి విసిరేస్తారు. పిరికివాడు, తిండిపోతు, నుదుటి మీద 'మాంసం' అనే అక్షరం. వెల్లుల్లి తింటే బలం వస్తుంది. మొదట్లో నాకిదంతా పిల్లల గోలలా అనిపించింది. మూడో సినిమాకి వచ్చేసరికి నిటారుగా కూర్చుని చూస్తున్నాను.

ఎందుకంటే, ప్రతి పోరాటం చివరా ఒకటే జరుగుతోంది. నిన్న ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్లు ఇవాళ పక్కపక్కన నిలబడుతున్నారు. నాయకుడి పక్కన ఉన్న వీరుల్లో చాలామంది ఒకప్పుడు వాడి చేతిలో ఓడినవాళ్లే. గంట మోగగానే వైరం అయిపోతుంది. గంట మోగాక లేచి నిలబడినవాడు స్నేహితుడు.

ఇది నాకు కొత్త కాదు. అందుకే అంతగా పట్టుకుంది.

మా ఊరు పాలకొండ ప్రాంతంలో, నాగావళి దగ్గర. కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన వీరఘట్టం మాకు ఎంతో దూరం కాదు. మా నాన్న చిన్నతనంలో ఆయన సర్కస్ చూశారట. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న సంగతి, ఛాతీకి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపిన సంగతి మా ఇంట్లో రామాయణంతో సమానంగా చెప్పుకునేవాళ్లం. 1942లో ఆయన పోయారు. కలియుగ భీముడు అన్న పేరు మాత్రం మా వైపు ఇప్పటికీ బతికే ఉంది. మా ఊరి తాలింఖానా గోడ మీద రెండే పటాలుండేవి. ఒకటి ఆంజనేయస్వామిది, రెండోది రామ్మూర్తి గారిది. రెంటికీ ఒకే దండ వేసేవాళ్లు, ఈ కొస నుంచి ఆ కొసకి.

పదకొండో ఏట గోదాలోకి దిగాను. ఎర్రమట్టి జల్లించి, నువ్వుల నూనె, పసుపు, మజ్జిగ కలిపి తొక్కిన మట్టి. పొద్దున్నే దాని వాసన ఒకలా ఉంటుంది, వాన పడ్డాక ఇంకోలా ఉంటుంది. కుస్తీలో ఓడిపోవడమంటే వీపుకి మట్టి అంటడమే. రెండు భుజాలూ ఒకేసారి నేలకి తగిలితే ఆట అయిపోయినట్టు. మా గురువుగారు నేర్పిన మొదటి విద్య పట్టు కాదు. ఓడినవాణ్ణి చెయ్యిచ్చి లేపి, వెనక్కి తిప్పి, వీపు మీది మట్టి దులపాలి. అదీ ఎలా? తట్టకూడదు. తడితే కొట్టినట్టుంటుంది. మెడ దగ్గర అరచెయ్యి ఆనించి వెన్నెముక వెంబడి నడుందాకా నిదానంగా దించాలి. చెమటకి అంటుకున్న మట్టి ఒకసారికి రాదు. రెండోసారి, మూడోసారి దించాలి. ఆ మూడోసారికి అవతలివాడి ఊపిరి కుదుటపడుతుంది, అది మన అరచేతికి తెలుస్తుంది. దులపకుండా గోదా దాటినవాడికి మర్నాడు జోడీ దొరికేది కాదు. గురువుగారు తిట్టేవారు కాదు, అసలు పలకరించేవారు కాదు.

అది మర్యాద అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు, డెబ్బై దాటాక, అది మర్యాద కాదేమో, సిద్ధాంతమేమో అనిపిస్తోంది.

వైరం ఎక్కడ ఆగుతుంది? మన పుస్తకాల్లో ఈ ప్రశ్నకి ఒక జవాబు కాదు, కనీసం మూడు దొరుకుతాయి. అందరికీ తెలిసింది రామాయణంలోది. రావణుడు పడిపోయాక విభీషణుడు అంత్యక్రియలకి వెనకాడితే రాముడు, వైరమన్నది చావుతో సరి, ఇక ఇతను నీకెలాగో నాకూ అలాగే అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా గొంతు పూడుకుపోయేది. ఇప్పటికీ అంతే. కానీ ఈ మధ్య ఆ మాట పక్కనే ఇంకో బాధ కూడా కలుగుతోంది. ఆ ఆదరం రావణుడికి అందలేదు కదా. శవానికి అందింది.

రెండోది జరాసంధుడి కథలో ఉంది. అందరూ భీముడు అతన్ని రెండుగా చీల్చిన సంగతే చెప్తారు. అంతకు ముందు జరిగింది ఎవరూ చెప్పరు. వ్యాసభాగవతంలో భీముడూ జరాసంధుడూ ఇరవైయేడు రోజులు పోరాడారని ఉంటుంది. పగలంతా పోరు. రాత్రయితే ఇద్దరూ స్నేహితుల్లా ఉండేవారట. ఇది మొదటిసారి గమనించినప్పుడు పుస్తకం మూసి వరండాలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. ఇరవైయేడు రాత్రులు! మగధ రాజు ఇంట్లో, మగధ రాజు అతిథిగా, పగలు తను విరగ్గొట్టబోయిన మనిషి పక్కన భీముడు ఏం తిన్నాడు? తిండి దగ్గర భీముణ్ణి మించినవాడు లేడు కాబట్టి జరాసంధుడు కొసరి కొసరి వడ్డించే ఉంటాడని నేను ఊహించుకుంటాను. పగలు కొట్టిన దెబ్బకి రాత్రి నూనె ఎవరు రాసుంటారు? మల్లులకి ఇది వింతగా తోచదు. పగలు పట్టు బిగించిన మెడనే రాత్రి మర్దన చేసిన చేతులు మా తాలింఖానాలోనూ ఉండేవి.

అయినా ఇరవైయేడు రోజుల తర్వాత కృష్ణుడు ఒక రెమ్మ చీల్చి చూపించాడు. భీముడికి అర్థమైంది. అంతే. రాత్రుల స్నేహం పగటిని ఆపలేకపోయింది.

మూడోది బలి చక్రవర్తిది. అది చెప్పేముందు వైరభక్తి సంగతి తేల్చుకోవాలి.

శిశుపాలుడి తల తెగినప్పుడు అతనిలోంచి ఒక వెలుగు లేచి కృష్ణుడిలో కలిసిందని చదువుకున్నాం. జయవిజయులు మూడు జన్మలు శత్రువులుగా పుట్టి వైకుంఠానికి తిరిగి వెళ్లారు. హరి చేతిలో చస్తే హరిలోకే పోతారు కాబట్టి చంపడం కూడా అనుగ్రహమే అని పెద్దలు చెప్తారు. నేను దీన్ని కాదనను. నమ్ముతాను. కానీ ఈ నమ్మకాన్ని మనుషుల చేతికి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. కృష్ణుడు చంపినవాడికి మోక్షం ఇవ్వగలడు. నా తుపాకీ ఇవ్వలేదు. నేను చంపిన మనిషి నాలోకి వెలుగై రాడు, మహా అయితే కలలోకి వస్తాడు. చంపినవాణ్ణి తనలో కలుపుకోగలిగినవాడికే చంపడం అనుగ్రహమవుతుంది. ఆ శక్తి లేనివాళ్లం మనం. మనకు చేతనైనది, బతికున్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం ఒక్కటే.

బలి విషయంలో దేవుడు కూడా ఆ పనే చేశాడు. వామనుడు మూడో అడుగు అతని తల మీద పెట్టాడు, సుతలానికి పంపాడు. అక్కడితో ఊరుకోలేదు. తనే వెళ్లి బలి ఇంటి గుమ్మం దగ్గర కావలి నిలబడ్డాడు. రాబోయే సావర్ణి మన్వంతరంలో ఆ బలే ఇంద్రుడవుతాడని కూడా భాగవతం చెప్తుంది. ఎవరి సింహాసనం కోసం అతన్ని తొక్కారో ఆ సింహాసనమే అతనికి! కావలి కాసిన మనిషిగా చెప్తున్నాను, గుమ్మం దగ్గర నిలబడటం చిన్న పని కాదు. లోపలున్నవాడు నిద్రపోవాలని బయట ఉన్నవాడు మేలుకోవాలి. తల మీద పాదం పెట్టినవాడు ఆ తలకి కాపలా కాశాడంటే, మా గురువుగారు వీపు మీద చెయ్యి దించమన్నది అదే కదా.

నేనూ ఒకసారి అలాంటి కావలి కాశాను. 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోయిన పాకిస్తానీలు సుమారు 93,000 మందిని మన దేశంలో శిబిరాల్లో ఉంచారు. సైన్యంలో చేరి రెండేళ్లు కాలేదు నాకు. మధ్య భారతంలో ఒక శిబిరానికి కాపలాకి పంపారు. ముళ్లతీగల కంచె రెండు వరసలు, మధ్యలో మేం నడిచే దారి. తెల్లవారుజామున లోపల ఒక ఖైదీ దండీలు తీసేవాడు. నలభై ఏళ్లుంటాయి. మీసాల్లో తెల్లవెంట్రుకలు. చలికాలం, నోట్లోంచి ఆవిరి. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, లెక్క కూడా పైకి పెట్టేవాడు కాదు.

డ్యూటీ దిగాక నేనూ కంచెకి ఇవతల దండీలు తీసేవాణ్ణి. కొన్నాళ్లకి ఇద్దరి వేళా ఒకటైంది. ఒకరోజు ఆయన ఆగి నన్నే చూస్తున్నాడు. తర్వాత తన ఎడమ మోచేతిని రెండో చేత్తో పట్టుకుని పక్కటెముకలకి దగ్గరగా నొక్కి చూపించాడు. మోచెయ్యి బయటికి పోతోందని అర్థం. ఖైదీలతో మాట్లాడకూడదని ఆజ్ఞ. నేను మాట్లాడలేదు. మోచెయ్యి లోపలికి సర్దుకున్నాను. ఆయన తల ఊపి తన పని తను చేసుకున్నాడు. 1972 జూలైలో సిమ్లా ఒప్పందమైతే అయింది గానీ వాళ్లు ఇళ్లకి బయల్దేరింది 1973 సెప్టెంబరులో. అప్పటికి నన్ను వేరేచోటికి బదిలీ చేశారు. తర్వాత నేను పీటీ శిక్షకుణ్ణయ్యాను. ఎన్నో బ్యాచ్‌ల కుర్రాళ్లకి దండీలు నేర్పాను, ప్రతివాడి మోచెయ్యీ లోపలికి నొక్కాను. ఆ మోచెయ్యి ఆయనది. మన సైన్యంలో ఎంతమంది భుజాల్లో ఆయన ఉన్నాడో ఆయనకి తెలియదు.

జపాన్‌వాళ్లకి కిన్నికుమాన్ కథ ఊరికే తట్టలేదని నాకు అనిపిస్తుంది. యుద్ధంలో ఓడిన దేశం అది. 1954లో రికిదోజాన్ అనే మల్లుడు అమెరికా నుంచి వచ్చిన షార్ప్ సోదరులతో తలపడితే, వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం విరగబడ్డారు. ఓడించినవాళ్లని ఒకడు కొడుతుంటే చూడాలని అంత ఆకలి. ఆ రికిదోజాన్ పుట్టింది కొరియాలో. ఆ సంగతి జనానికి తెలియనివ్వకుండా దాచుకున్నాడు. శత్రువుని కొట్టే వీరుడు కూడా తను ఎవరో చెప్పుకోలేని కాలం అది. సరిగ్గా ముప్పై ఏళ్ల తర్వాత, 1984లో, వాళ్ల మనవలు థియేటర్లో చూసిందేమిటి? కండల మనిషికి ప్రాణస్నేహితుడు టెర్రీమాన్, టెక్సాస్ నుంచి వచ్చిన అమెరికావాడు. ఇంకో మిత్రుడు వార్స్‌మాన్, సోవియట్ రష్యావాడు. అమెరికా, రష్యా ఒకరి మీదికి ఒకరు అణ్వస్త్రాలు గురిపెట్టుకుని కూర్చున్న రోజుల్లో! మేం ఆ ఏళ్లలో సరిహద్దులో ఏం చేస్తున్నామో నాకు తెలుసు కాబట్టి ఇది నాకు చిన్న విషయంగా కనపడదు.

ఆ కథలో మన దేశం తరఫున కూడా ఒకడున్నాడు. పేరు కర్రీ కుక్. నెత్తి మీద కూర, అన్నం పళ్లెంతో ఉంటాడు. మనవడికి కోపం వచ్చింది, ఇండియా అంటే వీళ్లకి కూరేనా అని. నాకు రాలేదు. వంట చేసే మల్లుడంటే నాకు గుర్తొచ్చింది విరాటుడి కొలువు. అజ్ఞాతవాసంలో భీముడు వంటవాడు, అవసరమైతే కుస్తీ పట్టేవాడు. వలలుడు. 'నర్తనశాల' సినిమాలో ఆ వేషం వేసింది నిజంగా బరువులెత్తే వస్తాదు, దండమూడి రాజగోపాలరావు గారు. వంటింటి గరిటె పట్టిన ఆ చేతుల్ని చూసినవాడికి కర్రీ కుక్ ఎక్కడివాడో ఎవరూ చెప్పక్కర్లేదు. గీసినవాళ్లకి మన భారతం తెలుసో లేదో గానీ బొమ్మ మాత్రం వచ్చి వలలుడి పక్కనే నిలబడింది.

తెలిసి పెట్టిన పేరు ఒకటుంది, అశురామాన్. మూడు ముఖాలు, ఆరు చేతులు. మొదట సైతాను పక్షాన వచ్చి, చాలా రక్తం పారాక, చివరికి మంచివాళ్ల పక్కన పోరాడతాడు. అశుర అంటే మన అసురుడే. మనవడు ఫోన్‌లో ఒక విగ్రహం బొమ్మ చూపించాడు. నారా నగరంలో కోఫుకుజి అనే బౌద్ధాలయంలో ఉంది. క్రీ.శ. 734 నాటిది. గుడ్డ పొరల మీద లక్క పూసి ఆరబెట్టి చేసినది. బుద్ధుడి ధర్మాన్ని కాపాడే ఎనిమిది గణాల్లో అసురుడొకడు. మిగతావాళ్ల పేర్లు వినండి: దేవ, నాగ, యక్ష, గంధర్వ, గరుడ, కిన్నర, మహోరగ. మన పురాణాల వీధిలోంచి నడుచుకుంటూ అంతదూరం పోయారు.

ఆ విగ్రహాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఆరు చేతులుంటే ఆయుధాలుంటాయనుకున్నాను, కనిపించలేదు. రెండు చేతులు మాత్రం గుండె ముందు జోడించి ఉన్నాయి. ముఖం చూస్తే రాక్షసుడి ముఖం కాదు, పదిహేనేళ్ల కుర్రాడి ముఖం. కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి. కోపం కాదు, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు. ఇంద్రుడితో యుగాలు పోరాడి అలిసిపోయి, ఒక మాట విని, ఆగినవాడి ముఖం. జపాన్ భాషలో ఘోరమైన కొట్లాటని ఇప్పటికీ అసురుడి పేరుతో 'షురాబా' అంటారట. ఆ పేరుగలవాడే గుళ్లో చేతులు జోడించి నిలబడ్డాడు. అతన్ని చంపి విగ్రహం పెట్టలేదు వాళ్లు. కాపలాకి పెట్టుకున్నారు.

మన హైదరాబాద్‌లో తయారైన 'ఛోటా భీమ్'ని కూడా ఈ వరసలోనే చెప్పాలి. రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ తీసింది. 2008లో టీవీలో మొదలైంది, 2012లో థియేటర్లకీ వచ్చింది. మావాడు ఐదేళ్లప్పుడు అది పెడితే గానీ అన్నం తినేవాడు కాదు. అందులో కాలియా అని ఒక లావుపాటి పిల్లవాడు ప్రతిసారీ భీముడికి ఎదురు తిరుగుతాడు, ప్రతిసారీ ఓడిపోతాడు. మళ్లీ వారం ఊరికి ఆపద వస్తే అదే భీముడి వెంట నడుస్తాడు. వాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టాలని ఎవరికీ తట్టదు. ఐదేళ్లవాడికి అది అర్థమైంది. పెద్దవాళ్లకి అర్థం కావడానికే ఇంత పురాణం కావాలి.

ఇంతవరకు రాసింది చదివితే నాకు ఈ సినిమాల మీద ఫిర్యాదే లేదనుకుంటారు. ఉంది, పెద్దదే ఉంది. వాటిలో స్నేహం చవగ్గా దొరుకుతుంది. చచ్చినవాళ్లు తిరిగి లేస్తారు. ఎవడూ నిజంగా పోకపోతే క్షమించడానికి ఏముంది? ఈ మాటే మనవడితో అంటే, వాడు కాసేపు ఊరుకుని, "తాతయ్యా, బ్రోకెన్ కథ నీకు చెప్పలేదు కదా" అన్నాడు.

అది మొదట వచ్చిన బొమ్మల పుస్తకంలో ఉందట. జర్మనీ వీరుడు బ్రోకెన్‌మాన్. చైనా వీరుడు రామెన్‌మాన్ వాణ్ణి బోర్లా పడేసి, వెన్ను మీద కూర్చుని, గడ్డం కింద చేతులు వేసి వెనక్కి లాగుతాడు. లాగి లాగి మనిషిని రెండు ముక్కలు చేస్తాడు. టీవీకి తీసినప్పుడు పిల్లలు భయపడతారని దాన్ని మార్చేశారు. వాడి కొడుకు బ్రోకెన్ జూనియర్ పగ తీర్చుకోవడానికి గోదాలోకి వస్తాడు. ఓడిపోతాడు. ఆ తర్వాత ఆ కొడుకు, తండ్రిని చీల్చినవాడి జట్టులోనే ఉంటాడు.

వినగానే నా ఒళ్లు జలదరించింది. రెండుగా చీలిన తండ్రి. జరాసంధుడే కదా! జరాసంధుడికీ ఒక కొడుకున్నాడు, సహదేవుడు. తండ్రి పోయిన చోటే కృష్ణుడు అతన్ని మగధకి రాజుని చేశాడు. కురుక్షేత్రంలో ఆ సహదేవుడు తన సేనతో పాండవుల పక్షాన వచ్చాడు. అంటే భీముడు ఉన్న పక్షాన. అక్కడే ద్రోణుడి చేతిలో పోయాడు. ఇన్నేళ్లుగా భారతం చదువుతున్నాను, పాండవుల బలం లెక్కపెట్టేటప్పుడు మగధ సేన అని చదివి ముందుకు పోయేవాణ్ణి. శిబిరంలో ఆ కుర్ర రాజుకి రోజూ భీముడు ఎదురుపడేవాడన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ భుజాలు కనపడినప్పుడల్లా ఏం గుర్తొచ్చేది అతనికి?

ఇక్కడ నా సిద్ధాంతానికి ఒక మెలిక పడింది. ఓడినవాడి వీపు దులపడం గెలిచినవాడి పని. అది నేర్పొచ్చు, నేర్చుకోవచ్చు. కానీ గోదాలోంచి లేవనివాడి సంగతి? వాడి వీపు ఎవరు దులుపుతారు? దులపాల్సిన చెయ్యి అప్పుడు గెలిచినవాడిది కాదు. పోయినవాడి ఇంట్లోవాళ్లే ఆ చెయ్యి చాచాలి, అదీ వాళ్లంతట వాళ్లకి అనిపిస్తేనే. వాళ్ల తరఫున నేను చాచలేను. బ్రోకెన్ జూనియర్‌కి నువ్వు క్షమించాలి అని చెప్పే హక్కు కండల మనిషికి లేదు, సహదేవుడికి చెప్పే హక్కు కృష్ణుడికి ఉందో లేదో నేను తేల్చలేను. కంచె పక్కన ఒకరు నా మోచెయ్యి సర్దారు కాబట్టి నా మనసు మెత్తబడింది. నేను ఎవరినీ పోగొట్టుకోలేదు.

మా కాలనీలో గేట్ల మీద పేరుకి ముందు హోదా ఉంటుంది, చివర రిటైర్డ్ అని ఉంటుంది. విశ్రాంత సైనికుల కోసం వెలిసిన కాలనీ కదా. మా అబ్బాయి ఇక్కడ అద్దెకి తీసుకున్నాడు కాబట్టి నేనూ వచ్చి చేరాను. మా వీధి చివర ఒక మేజర్ గారున్నారు. పొద్దున ఐదున్నరకి ఇద్దరం కలిసి నడుస్తాం, వాయుపురి దాకా వెళ్లి వెనక్కి. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. హోదాలో చాలా పెద్ద. నేను సుబేదారుగా దిగిపోయాను. ఇప్పటికీ ఆయన్ని సర్ అంటాను, ఆయన నన్ను పీటీ మాస్టారంటారు. ఆయన అన్నగారు కూడా ఆఫీసరే. 1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దులో పోయారు. హాల్లో ఆ ఫొటో ఉంటుంది. ఇరవై ఆరేళ్ల మొహం, పక్కన డెబ్బై ఆరేళ్ల తమ్ముడు.

బ్రోకెన్ కథ విన్న మర్నాడు పొద్దున ఉత్సాహం ఆపుకోలేక ఆయనకి అంతా చెప్పేశాను. సినిమాలు, జరాసంధుడు, కోఫుకుజి విగ్రహం, చివరికి దండీలు తీసిన ఖైదీ గురించి కూడా. యాభై ఏళ్లలో ఆ ఖైదీ సంగతి నేను చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఆయన ఏం మాట్లాడలేదు. చాలాదూరం నడిచాక, చేతికర్ర ఆపి, "ఇది నాకు చెప్పకండి మాస్టారూ" అన్నారు. కోపంగా అనలేదు. నా తప్పు నాకు అర్థమైంది. గోదా మర్యాద తెలిసినవాణ్ణి, మట్టి దులపబోయి కొట్టాను.

తర్వాత రెండు నెలలు మేం ఎండల గురించి, మోకాళ్ల గురించి, వీధికుక్కల గురించి మాట్లాడుకున్నాం. నేను ఆ ఊసెత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఒక్కరోజు కూడా నడక మానలేదు.

మొన్న గురువారం వాన వెలిసిన పొద్దున. రోడ్డు పక్కన నీళ్లు నిలిచిన చోట నేను చెయ్యిస్తే పట్టుకుని దాటారు. దాటాక చెయ్యి వదల్లేదు.

"మాస్టారూ, ఆ కుర్రాడు... జర్మనీవాడు. వాళ్ల నాన్నని ఇంకొకడు..."

"బ్రోకెన్ జూనియర్, సర్."

"ఆ. వాడికి ఎన్నాళ్లు పట్టింది?"

నాకు తెలియలేదు. ఆ సంగతి నేను మనవణ్ణి అడగనే లేదు.

"కనుక్కుని చెప్తాను, సర్."

"కనుక్కోండి" అన్నారు.